ధర్మసాగర్ నుంచి ఇస్తాంబుల్ దాకా



మా ఊరు ధర్మసాగర్. ముస్లిం దేశాల్లో మతానికీ రాజకీయానికీ ఉన్న ముడి నా చదువు. వరంగల్ వాడివి, నీకెందుకీ చదువని ఇప్పటికీ అడుగుతుంటారు. నాకది పరాయి సంగతిగా ఎన్నడూ అనిపించలేదు. మా పక్కనే కాజీపేట దర్గా. అక్కడ జరిగే అఫ్జల్ బియాబానీ ఉర్సుకు అన్ని కులాలవాళ్ళూ పోతారు. మొహర్రంలో పీరీల పండుగకు అలావా గుండం చుట్టూ ఆడేవాళ్ళలో హిందువులు ఎందరో. ఆ పండుగ చెప్పే కర్బలా కథను నేను పుస్తకంలో చదవకముందే డప్పు మీద విన్నాను.

దూరాన ఉన్న టర్కీ కూడా మనకు పరాయిది కాదు. 1924లో టర్కీ ఖలీఫా పదవిని రద్దు చేసి, చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను దేశం దాటించింది. ఆయనకు నెలనెలా 300 పౌండ్లు పంపింది మన ఏడో నిజాం. ఆ ఖజానాలో తెలంగాణ రైతు కట్టిన శిస్తు ఉంది. 1931లో ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్ నిజాం పెద్దకోడలైంది, అదే వంశపు నీలోఫర్ రెండో కోడలైంది. ఆమె పేరిటి నీలోఫర్ ఆస్పత్రిలో పుట్టినవాళ్ళు ఈ సభలో తప్పక ఉంటారు!

నన్ను ఈ దారి పట్టించినవారు ముహమ్మద్ హమీదుల్లా. 1908లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, బాన్‌లో, పారిస్‌లో డాక్టరేట్లు చేసి, తిరిగి ఉస్మానియాలోనే పాఠం చెప్పారు. 1948లో హైదరాబాద్ తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన బృందంలో ఉన్నారు. పోలీసు చర్యలో సెప్టెంబరు 17న నిజాం ప్రభుత్వం భారత సైన్యానికి లొంగిపోయింది. హమీదుల్లా పారిస్‌లోనే, ఏ దేశ పౌరసత్వమూ లేకుండా ఉండిపోయారు. 1959లో ఖురాన్‌ను ఫ్రెంచిలోకి తెచ్చారు. ప్రవక్త కాలపు మదీనా ఒడంబడికే ప్రపంచంలో తొలి లిఖిత రాజ్యాంగమని వాదించారు. రాజ్యాంగ రచన వేళ పాకిస్తాన్ ఆయన సలహా కోరింది. 2002లో ఫ్లోరిడాలో కన్నుమూశారు.

ఆయన నిలబడిన నిజాం పక్షంతో నాకు తగవుంది. వెట్టికీ రజాకార్లకూ నలిగిన పల్లెల బిడ్డను నేను. అయినా మతగ్రంథాన్ని రాజ్యం ఎవరి కోసం చదువుతుందన్న ప్రశ్న నాలో పుట్టింది ఆయన్ని చదివాకే. జకార్తాకు పోయినా అంకారాకు పోయినా నేను వెతికేది దాని జవాబే. అది పార్లమెంటులో సగమే దొరుకుతుంది. మిగతా సగం దర్గాల దగ్గర, మదర్సాల్లో, పెళ్ళి పందిళ్ళలో ఉంటుంది.

మనలో ఈ పని చేస్తున్నవారున్నారు. రచయిత అఫ్సర్, గూగూడు ఊరి కుళ్ళాయప్ప పీర్లపై 2013లో, 1948 పోలీసు చర్యపై 2023లో పుస్తకాలు తెచ్చారు. వారికి తోడు కావాలి. అందుకు మన పిల్లలు తెలుగుతో పాటు ఉర్దూ నేర్వాలి. 1948ని కళ్ళారా చూసిన పెద్దలు మీ ఇళ్ళలో ఉంటే, ఏ మతంవారైనా, ఏ పక్షంవారైనా, ఈ వారమే కూర్చోబెట్టి వాళ్ళ మాట రికార్డు చేయండి.