గురి కుదరడమంటే ఏమిటి?

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి, ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్లుగా కొలతల మీద బతుకుతున్న ఇంజనీరును నేను. తెలిసిన విషయం ఏదైనా చెప్పమని సంఘం వారు అడిగితే రైఫిల్ గురి గురించి చెబుతానన్నాను. నవ్వారు. అది కూడా కొలతల ముచ్చటే, వినండి.

సంస్థానాల కాలంలో మన నల్లమలలో షికారు ఒక వైభవం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అది ముగిసింది. ఆ అడవి ఇప్పుడు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. అయినా తుపాకి మాట మన ఊళ్లలో పూర్తిగా పోలేదు. వేరుశనగ చేలను అడవిపందులు తవ్విపోస్తుంటే రైతు ఊరుకోలేడు. అదే చట్టంలోని సెక్షన్ 11 ప్రకారం అధీకృత అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే వాటిని కాల్చవచ్చు. అక్కడ గురి తప్పితే పంది దెబ్బతిని పొదల్లో దూరుతుంది. మర్నాడు చేనుకు పోయిన మనిషి మీద పడుతుంది. అందుకే గురి అనేది సరదా విషయం కాదు.

అమెరికాలో పనిమీద ఉన్నప్పుడు ఒక సహోద్యోగి తన తూటాలు తానే తయారుచేసుకోవడం చూశాను. అక్కడ అది మామూలు వ్యాపకం. తూటాలో నాలుగే భాగాలు: ఇత్తడి గొట్టం, ప్రైమర్, మందు, గుండు. అతను కాల్చిన గొట్టాలను మళ్లీ ఒకే కొలతకు తెచ్చేవాడు, పొడవు సరిచూసేవాడు, గుండును ప్రతిసారీ ఒకే లోతులో కూర్చోబెట్టేవాడు. మందును గ్రెయిన్‌లో పదోవంతు వరకు తూచేవాడు. అంటే ఆరున్నర మిల్లీగ్రాములు. బియ్యపు గింజలో సగం బరువు కూడా ఉండదు.

ఎక్కువ శక్తి కోసం ఇదంతా చేస్తున్నాడనుకున్నాను. కాదట. ఒక తూటా ఇంకో తూటాలా ఉండటం కోసమట. మందు ఎక్కువ తక్కువైతే గుండు వేగం మారుతుంది. వేగం మారితే దూరాన గుండు పైకో కిందికో పడుతుంది. మన గద్వాల నేతగాడికి ఇది చెప్పనక్కర్లేదు. నూలు చీరకు పట్టు అంచు కలిపేటప్పుడు దారం బిగువు ఒకేలా లేకపోతే అంచు ముడతపడుతుందని ఆయనకు తెలుసు.

ఇక్కడ రెండు సంగతులను వేరుచేసి చూడాలి. గుండ్లు ఎంత దగ్గరగా పడ్డాయన్నది ఒకటి, ఆ గుంపు నడిబొడ్డు ఎక్కడుందన్నది ఇంకొకటి. సైటు మర తిప్పితే గుంపు పక్కకు జరుగుతుందే గాని చిన్నదవదు. గుంపు చిన్నది కావాలంటే తూటాల్లో తేడా తగ్గాలి, టెలిస్కోపు మరలు బిగువుగా ఉండాలి, కట్టె గొట్టాన్ని ఎక్కడా ఒరుసుకోకూడదు, కాల్చేవాడి ఊపిరి నిలకడగా ఉండాలి.

ఇంకో మోసం ఉంది. మూడు గుండ్లు కాల్చి 'నా రైఫిల్ అద్భుతం' అంటారు. రైఫిల్‌లో, తూటాలో ఏ మార్పూ లేకున్నా, మూడు గుండ్ల గుంపు వెడల్పు సగటున 24 మిల్లీమీటర్లుంటే పది గుండ్ల గుంపు 38 దాకా వస్తుంది. ఇది గణితం. కనుక మూడింటిని చూసి మురిసిపోకూడదు, పదింటిని చూసి బెంగపడకూడదు. ఒకసారి ఒక్కటే మార్చాలి, పుస్తకంలో రాసుకోవాలి.

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచారు. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పెల్లెట్ ఏమో నాలుగున్నర మిల్లీమీటర్లు. ఆ స్థాయి షూటర్లు పెల్లెట్లు చేత్తో తయారుచేసుకోరు. తయారైన వేర్వేరు లాట్లను తమ గొట్టంలోంచే కాల్చి, ఏది దగ్గరగా పడుతుందో చూసి, ఆ లాటునే కొనుక్కుంటారు. పద్ధతి వేరైనా వెతికేది అదే నిలకడ.

తమ్ముళ్లూ, ఒక హెచ్చరిక. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. నాటు తుపాకిలో మందు అందాజాగా పోస్తారు. అది రెండుసార్లు ఒకేలా పేలదు. గొట్టం పగిలితే పోయేది కాల్చినవాడి చేయి, కన్ను. మందు కొలత తప్పితే ఏమవుతుందో తెలిసినవాడు దాని జోలికి పోడు.

మన సైన్స్ సార్లు వెర్నియర్ కాలిపర్స్ చేతికిచ్చి, ఒకే గోళీని ఐదుసార్లు కొలిపించేవారు. ఒకసారి కొలిస్తే సరిపోదా అని మేం గొణిగేవాళ్లం. ఐదుసార్లూ ఒకే అంకె రాదని, ఆ తేడాకు కూడా ఒక లెక్క ఉందని తర్వాత ఉద్యోగంలో తెలిసింది.

అందుకని సంఘానికి నా విన్నపం. స్వర్ణోత్సవ నిధి నుంచి బడి ల్యాబుకు మిల్లీగ్రాముల దాకా తూచే త్రాసులు కొందాం. మొదటిది నా ఖర్చు. పిల్లలు పది వేరుశనగ గింజలు తూచి, తేడాలు రాసుకుని, గ్రాఫు గీయనీ. గురి కుదిరే చదువు అక్కడే మొదలవుతుంది. సెలవు.