తెర వెనక గొంతు



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "బడి జ్ఞాపకాల మీద పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. బెత్తం దెబ్బలు, ఇంటర్వెల్లో ఉప్పూ కారం అద్దిన జామకాయలు నా కంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను బోనీ ఎం గురించి చెబుతాను. 1980 ప్రాంతంలో పదో తరగతి చదివినవాళ్లు అప్పుడే నవ్వుతున్నారు. మిగతావాళ్లు కాస్త ఓపిక పట్టండి.

మనది విశాఖపట్నం, ఓడల ఊరు. ఎవరి మేనమామో ఓడలో పనిచేసి, సింగపూరు నుంచి టేప్ రికార్డరు తెచ్చేవాడు. మా క్లాసు మొత్తానికి ఆ అదృష్టం ఒక్క ఇంటికే పట్టింది. ఆదివారం మధ్యాహ్నం పదిమందిమి ఆ వరండాలో చేరేవాళ్లం. 'నైట్‌ఫ్లైట్ టు వీనస్' క్యాసెట్టు. టేపు చిక్కుపడితే పెన్సిల్ దూర్చి తిప్పుకోవడం, మళ్లీ మొదటి నుంచి వినడం. తెలుగు మీడియం పిల్లలం కదా, 'రస్పుటిన్' పాటంతా రఫ్ నోటు వెనక పేజీల్లో తెలుగు లిపిలో రాసుకున్నాం. ఒకరోజు ఆ నోటు ఇంగ్లీషు మాస్టారి చేతిలో పడింది. ఆయన కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివి, "ఒరే, ఇది ఏ భాషరా?" అన్నారు. దెబ్బ మాత్రం వెయ్యలేదు.

'రివర్స్ ఆఫ్ బాబిలాన్' మాకు గంతులు వేసే పాట. 1978లో బ్రిటన్‌లో 5 వారాలు మొదటి స్థానంలో ఉన్న పాట అది. అందులో మాటలు బైబిల్లోని 137వ కీర్తన నుంచి వచ్చాయని, దేశం పోగొట్టుకుని చెరలో ఉన్నవాళ్ల దుఃఖమని, మా క్లాసులో చర్చికి వెళ్లే అమ్మాయి చెప్పింది. చెప్పాక కూడా మా కాళ్లు ఆగలేదు.

అసలు సంగతికి వస్తాను. మా పదో తరగతి వార్షికోత్సవంలో 'డాడీ కూల్' వేశాం. బాబీ ఫారెల్‌లా ఒళ్లు విరిచి ఆడగలిగినవాడు ఒకడే ఉన్నాడు, వాడికి పాట రాదు. ఆ లోతు గొంతు ఉన్నవాడూ ఒకడే. వాడికి నత్తి. పాఠం చదవమంటే మొదటి మాట దగ్గరే ఆగిపోయేవాడు, పాటలో మాత్రం ఎక్కడా ఆగేవాడు కాదు. స్టేజీ ఎక్కనన్నాడు. వాణ్ని తెర వెనక స్టూలు మీద కూర్చోబెట్టి చేతికి మైకు ఇచ్చాం. ముందు ఆడినవాడు పెదాలు కదిపాడు. హాలు ఊగిపోయింది. బహుమతి, స్టీలు గ్లాసుల సెట్టు, ఆడినవాడికి ఇచ్చారు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసిన విషయం ఇది. బోనీ ఎంలో నలుగురు. లిజ్ మిచెల్, మార్సియా బారెట్ జమైకాలో పుట్టినవాళ్లు. మేజీ విలియమ్స్‌ది మాంట్‌సెరాట్ దీవి, బాబీ ఫారెల్‌ది అరూబా. రికార్డుల్లో పాడింది మొదటి ఇద్దరే. మగ గొంతు జర్మన్ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌ది. ఆయన స్టూడియోలో పాడాడు, ఫారెల్ వేదికల మీద ఆడాడు.

మా అమ్మాయి ఇది విని, "అయితే మీ బ్యాండ్ మోసం నాన్నా" అంది. నేను ఒప్పుకోలేదు. ఎన్టీఆర్‌కి, ఏఎన్నార్‌కి ఘంటసాల పాడితే మనం మోసమన్నామా? ఒకే గొంతు ఇద్దరు హీరోలకి సరిపోయిందని మురిసిపోయాం. కాకపోతే ఒక తేడా ఉంది. సినిమా టైటిల్స్‌లో నేపథ్యగానం అని ఘంటసాల పేరు పడేది, రేడియోలో పాటకి ముందు ఆ పేరు చెప్పేవారు. ఇదే ఫారియన్ తర్వాత మిల్లీ వనిల్లీ అని ఇంకో జంటని తయారుచేశాడు. రికార్డుల్లో పాడింది వాళ్లు కాదని బయటపడి, 1990లో వాళ్లకిచ్చిన గ్రామీ అవార్డు వెనక్కి తీసుకున్నారు. అవమానమంతా ముందు నిలబడిన ఆ ఇద్దరు కుర్రాళ్లదే అయింది. నాకు వాళ్ల మీద జాలి. పాడినవాళ్ల మీద ఇంకా ఎక్కువ జాలి.

ఫారెల్ 2010 డిసెంబరు 30న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పోయాడు. 1916లో రస్పుటిన్‌ని చంపింది ఆ ఊళ్లోనే, అదే తేదీన. పాట ఎంతగా పట్టుకుందో చూడండి!

మన బడి పాత ఫోటోల బోర్డు బయట వరండాలో పెట్టారు. ఆ డాన్సు ఫోటో కూడా ఉంది. కింద ఆడినవాడి పేరే ఉంది. ఆడినవాడు నిన్న అమెరికా నుంచి ఫోన్ చేసి, "రెండో పేరు కూడా రాయించరా" అన్నాడు. పాడినవాడేమో, "నా పేరు మైకులో చెప్పావంటే లేచి వెళ్లిపోతా" అన్నాడు. మాటిచ్చాను కాబట్టి చెప్పను. కానీ బోర్డు మీద రాయకూడదని వాడు అనలేదు. కార్యదర్శి గారూ, మీ దగ్గర స్కెచ్ పెన్ను ఉంటే భోజనాల ముందు ఒకసారి ఇవ్వండి.