అనుకున్నది అయ్యేదాకా మనం మాట్లాడే మాటలు
(కల్లూరు మండల సమాఖ్య మహాజన సభలో చేసిన ప్రసంగం)



మన సంఘాల్లో ఎక్కువగా వినబడే మాట ఏంది? “చూద్దాంలే.” బర్రె కొందామంటే చూద్దాంలే, కుట్టుమిషను అంటే చూద్దాంలే. ఈ మాటని మేము తప్పు పట్టం. ఇంట్లో నిర్ణయం మన చేతిలో లేనప్పుడు ఆడమనిషి ఇంకేం అంటది? భూమి ఆయన పేరు మీద, ధాన్యం డబ్బులు ఆయన ఖాతాలో. “మా ఆయన్ని అడిగి చెప్తా” అంటది. మా సమావేశంలో అట్లా అన్నా ఎవరం నవ్వం. “సరే అక్కా, ఏ తారీఖుకి చెప్తవు?” అని అడుగుతాం. ఆ తారీఖు రాసుకుంటాం. సగం పని అక్కడే అయిద్ది.

మా సంఘంలో ఒక అక్కకి బర్రె కొనాలని చాలా ఏళ్ల కోరిక. సూక్ష్మ ఋణ ప్రణాళిక రాసేటప్పుడు ఆమెను కూర్చోబెట్టి వరసగా అడిగాం. ఏ నెలలో కొంటవు? గడ్డి ఎక్కడిది? నువ్వు మిరపకాయ ఏరడానికి పోతే పాలు ఎవరు పిండుతరు? వట్టిపోయినప్పుడు కిస్తీ ఎట్లా కడతవు? మొదట ఆమెకు కోపం వచ్చింది, “అప్పు ఇస్తరా, పోలీసు విచారణా?” అని. తర్వాత ఆమే లెక్క చెప్పింది. ఎనభై వేలు, నూటికి రూపాయి వడ్డీ, 36 నెలలు. కిస్తీ నెలకు సుమారు 2,660. అంటే రోజుకు తొంభై రూపాయల లోపు. లీటరు 50 అనుకున్నా రెండు లీటర్ల పాలు బ్యాంకువి, మిగతావాటిలో దాణా ఖర్చు, ఇల్లు. బర్రె మూడు నెలలు వట్టిపోతే మూడు కిస్తీలు, ఎనిమిది వేలు. అది మిరప కూలి డబ్బుల్లో నుంచి ముందే తీసి పక్కన పెడతానంది. వానలు పడి పచ్చగడ్డి వచ్చినాక ఈనిన బర్రెను కొంటానంది. బీమా చేయించి చెవికి పోగు వేయించే బాధ్యత మా రెండో లీడరు తీసుకుంది. ఇదంతా తీర్మానాల పుస్తకంలో ఆమె పేరుతోనే రాశాం, ఫలానా వారి భార్య అని కాదు. ఇంటికి పోయి “నేను రాసిచ్చిన” అంటే ఆ ఇంట్లో మాట బరువు వేరు. ఇప్పుడు ఆ బర్రె కట్టుకొయ్యకు ఉంది, కిస్తీలు నడుస్తున్నాయి.

అదే ఎనభై వేలు బయట నూటికి మూడు రూపాయలకు తెస్తే నెలకు 2,400 వడ్డీకే పోద్ది, అసలు అట్లనే ఉంటది. ఈ లెక్క మీ ఇంట్లో చదువుకునే పిల్లతో ఒకసారి పైకి చదివించండి.

మాటకు ఎంత బలం ఉంటదో మనకంటే ముందు దూబగుంట ఆడవాళ్లు చూపించారు. అది నెల్లూరు జిల్లాలో ఊరు. అక్షరాస్యత తరగతుల్లో సారా మీద పాఠం చదివారు, తమ ఊరి సంగతే కదా అని మాట్లాడుకున్నారు, 1992లో లేచారు. రోశమ్మ పేరు మీరూ వినే ఉంటారు. వాళ్లు “సారా పోవాలి” అని ఊరుకోలేదు. “మా ఊళ్లో కొట్టు తెరవనియ్యం” అన్నారు. పోరాటం జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బందయింది. ఆ తర్వాత అక్కడే పొదుపులక్ష్మి సంఘాలు మొదలయ్యాయి. రోజుకో రూపాయి. ధనవంతులం అవుదామని కాదు, రోజుకో రూపాయి. కూలికి పోయే మనిషి కూడా అనగలిగిన మాట, చేయగలిగిన పని.

దగ్గరలో చూస్తే మన భద్రాచలం అక్కచెల్లెళ్లు. ఒకప్పుడు పొలాల్లో కూలికి పోయినవాళ్లు, చిరుధాన్యాలతో బిస్కెట్లు చేస్తున్నారు, ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ అని. హైదరాబాదు నుంచి లండన్ దాకా పోతున్నాయని 2025 జూన్‌లో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో చెప్పారు. గిరి శానిటరీ ప్యాడ్లు మూడు నెలల్లో 40,000 చేశారని కూడా చెప్పారు. లండన్ సంగతి విని అందరం చప్పట్లు కొట్టాం. మా సంఘంలో మాత్రం ఆ నలభై వేలను పట్టుకున్నాం. ఆదివారాలు తీసేస్తే రోజుకు ఐదు వందల పైచిలుకు. ఎవరు కత్తిరించాలి, ఎవరు ప్యాకింగ్ చేయాలి, కరెంటు పోతే ఏం చేయాలి, ఇట్లా మాట్లాడుకోకుండా రోజుకు అన్ని కావు.

ఈసారి మా సంఘంలో ముగ్గురం కలిసి పచ్చళ్ల పని పెడదామనుకుంటున్నాం. ఇంకా “అనుకుంటున్నాం” దగ్గరే ఉంది, అబద్ధం చెప్పం. నూనె ధర, సీసాల ధర కనుక్కునే పని ఒక్కొక్కరికి పంచాం, వచ్చే నెల రెండో సమావేశానికి తెచ్చి చెప్పాలి. లెక్క కుదరకపోతే వద్దనుకుంటాం, అది కూడా రాసిపెడతాం.

మా తీర్మానాల పుస్తకం తెచ్చాం. భోజనాలు అయ్యేదాకా సమాఖ్య బల్ల మీద ఉంటది. కొట్టివేతలు, దిద్దుబాట్లు చాలా ఉన్నాయి, దస్తూరీ ముగ్గురిది. బర్రె లెక్క కావాల్సినవాళ్లు రాసుకుపోండి, మీ ఊళ్లో పాల ధర వేసుకొని మళ్లీ చూసుకోండి.