రుద్రమ కథలో మన నేల

గుణశేఖర్ తీసిన ‘రుద్రమదేవి’ 2015 అక్టోబరు 9న విడుదలైంది. నిడివి రెండున్నర గంటల పైనే. తెలంగాణ ప్రభుత్వం వినోదపు పన్ను మినహాయించింది. గోన గన్నారెడ్డి పాత్రకు అల్లు అర్జున్‌కు ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. రుద్రమగా అనుష్క హుందాతనం నాకూ నచ్చింది. అయినా సినిమా మొత్తంగా మనసుకు ఆనలేదు.

కారణం చెబుతాను. ఆత్మకూరు వాళ్లం గన్నారెడ్డి కోసం ఆశగా చూస్తాం. ఆయన ఏలిన వర్ధమానపురం నేటి నంది వడ్డెమాన్, మన పాలమూరు గడ్డే. కృష్ణ దాటితే వచ్చే రాయచూరు కోటను 1294లో కట్టించింది ఆయన కింది విఠలనాథుడే. అక్కడి పొడవాటి రాతి మీద తెలుగు శాసనం ఉంది. తెర మీద మాత్రం ఆయన చమత్కారాలు పలికే బందిపోటు. పాలకుడిగా ఆయన బరువు నాకు కనిపించలేదు.

రుద్రమ విషయంలోనూ అంతే. పాటలకు, ప్రేమకు దొరికిన తీరిక ఆమె పరిపాలనకు దొరకలేదు. ముసలితనంలో కాయస్థ అంబదేవుడి తిరుగుబాటును ఎదుర్కొన్న రాణి ఆమె. ఆ పోరులోనే నేలకొరిగిందని చరిత్రకారుల అభిప్రాయం. అంతకంటే గొప్ప నాటకం ఏముంటుంది?

సినిమా చూసినవాళ్లు ఒకసారి నకిరేకల్ దగ్గరి చందుపట్లకు వెళ్లండి. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు కన్నుమూసిన సంగతి తెలిపే 1289 నాటి శాసనం ఆ ఊళ్లోనే ఉంది.