ఉక్కు గుఱిపలక

శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో బయాథ్లాన్ అను పందెము కలదు. మంచుపై స్కీలతో పరుగెత్తి వచ్చిన క్రీడాకారుడు 50 మీటర్ల దూరమందలి అయిదు గుఱులను .22 రిమ్‌ఫైర్ రైఫిలుతో కొట్టవలెను. పరుండి కాల్చునపుడు గుఱి వ్యాసము 45 మిల్లీమీటర్లు. నిలుచుండి కాల్చునపుడు 115. గుండు తగిలినంతనే నల్లని చుక్క తెల్లబడును. సామాన్య సాధకులును ఉక్కుపలకను కోరుట ఇందులకే. ఖంగుమను శబ్దమే ఫలితమును తెలుపును. కాగితపు గుఱికివలె దగ్గఱకు పోయి చూడనక్కఱలేదు.

అయితే తగిలిన సీసపు గుండు ఏమగును? పలక నునుపైనదైనచో గుండు చదునై చిట్లి, తునుకలు పలక వెంబడి ప్రక్కలకు చిమ్మును. పలకపై గుంట యున్నచో, ఆ గుంటయే తునుకలను కాల్చినవాని వైపునకు మరలించును. కావున పలక నునుపే మనకు రక్షణము.

పెద్ద రైఫిలు దెబ్బలకు గుంటలుపడిన పలకను, వంగిన పలకను మనము వాడరాదు. పై అంచు కొంచెము ముందునకు వాలునట్లు వ్రేలాడదీసినచో తునుకలు నేలకు దిగును. వెనుక ఎత్తయిన మట్టికట్ట యుండవలెను. కాల్చువారే కాక చూచువారును కంటికి రక్షణపు అద్దములు ధరింపవలెను.

ప్రతి సాధనకు ముందు పలకను, గొలుసులను, మరలను పరీక్షింపవలెను. రంగు పూసినచో క్రొత్త దెబ్బ స్పష్టముగా కనబడును. సీసము విషము, చేతులు సబ్బుతో కడుగుకొనక ఆహారమును ముట్టరాదు.

మేము చెప్పదలచినది ఇంతియే: గుఱి తప్పినచో మరల కాల్చవచ్చును, కన్ను పోయినచో మరల రాదు.