గుడి ఆవరణలోని బావి

(శతజయంతి కూటములలో స్త్రీల మైత్రి పక్షమున చేసిన ప్రసంగము)

ప్రకృతిని కాపాడుకొనుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మైత్రివారిని కోరినారు. విషయము చాల పెద్దది. మేము మాత్రము మన గుడి ఆవరణలోని బావిని గూర్చియే చెప్పదలచితిమి.

ఒకప్పుడు పండుగ వంటలన్నిటికి ఆ నీళ్లే. ఆ నీళ్లతో పప్పు త్వరగా ఉడుకునని పేరు. బోరు వేయించిన తరువాత గిలక తీసివేసితిమి. మొదట వాడిన పూలదండలు, తరువాత కాగితపు పళ్లెములు, ఆ పైన థర్మోకోలు ముక్కలు అందులో పడినవి. బయటివారెవరును వచ్చి వేయలేదు, మనమే వేసితిమి.

మొదటి బోరు 200 అడుగులు. అది ఎండిపోగా రెండవది 450 అడుగులు వేయించితిమి. ఆ వేసవిలోనే గుడి వెనుక వీధిలో మూడిండ్ల చేదబావులు అడుగంటినవి. అందులో ఒకటి ఒంటరిగా బ్రదుకుచున్న ఒక అవ్వది. ఆమె మనతో పోట్లాడలేదు. బిందె చంకనబెట్టుకొని వచ్చి మన కుళాయివద్ద నిలుచుండెడిది. రద్దీ ఎక్కువైనదని కుళాయికి తాళము వేయవలెనని కమిటీలో ఒకరు అన్నప్పుడు మేమును నోరు మెదపలేదు. తాళము పడినది. ఈ మాట చెప్పుటకు నేడు సిగ్గుగా ఉన్నది.

మనది రాతినేల. నీరు రాతి పగుళ్లలో నిలుచును. లోతైన బోరు ఆ నీటిని లాగివేసిన, పైనున్న బావులకు ఊట తగ్గును. కొన్ని చోట్ల ఫ్లోరైడు బాధయు కలదు. నల్లగొండ ప్రాంతములో వంగిన ఎముకలతో బ్రదుకు వెళ్లబుచ్చినవారిని ఎరుగనిదెవరు? ఈ వ్యాధిని మన దేశములో 1937లోనే నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటరాదు. మన బోరు నీటిని మనము ఇంతవరకు పరీక్ష చేయించనేలేదు.

ఇక లెక్క వినుడి. ఒక చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరు. మన గుడి కప్పు సుమారు 300 చదరపు మీటర్లు. ఏటికి 900 మిల్లీమీటర్లు కురిసిన 2 లక్షల 70 వేల లీటర్లు. ఆవిరియై, చిమ్మి పోయినది తీసివేసినను 2 లక్షలు మిగులును, అనగా 5 వేల లీటర్ల ట్యాంకర్లు 40. పోయిన వేసవిలో మనము డబ్బిచ్చి కొన్నవి 11. మన పైకప్పు నీరంతయు మురుగు కాలువలోనికి పోవుచున్నది.

ఈ మార్చిలో యౌవనస్థులు నాలుగు దినములు దిగి బావి పూడిక తీసిరి. సీసా పెంకులు, ప్లాస్టిక్ గ్లాసులు తట్టలకొద్ది వచ్చినవి. (మైత్రివారి పెద్ద గరిటె కూడ దొరికినది. దానికై ఎవరెవరిని అనుమానించితిమో వారు క్షమింతురుగాక.) ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధము. ఐనను పోయిన కోత పండుగకు మనము కొన్నవి అవే. మోదుగాకు విస్తళ్లు నేటికిని దొరకును. స్టీలు పళ్లెములు కొనుటయు మంచిదే, కాని కడుగుపని స్త్రీలదే కాకూడదు.

ఇప్పుడు అసలు మనవి. శతజయంతికి ఆవరణ అంతయు టైల్సు పరచవలెనని తీర్మానము రానున్నది. చూపునకు బాగుండును, చెప్పులకు బురద అంటదు, నిజమే. కాని పడిన వాన భూమిలోనికి ఇంకదు. గేటునుండి గుడి ద్వారమువరకు బాట మాత్రము పరచి, వేపచెట్టు క్రింది నేలను నేలగానే ఉంచుడి. మిగిలిన సొమ్ముతో కప్పుకు గొట్టములు బిగించి, మొదటి వాన నీరు బయటకు వదలి, తరువాతి నీటిని కంకర, ఇసుక, బొగ్గు నింపిన గుంతలో వడగట్టి బావిలోనికి పంపవచ్చును. మేస్త్రీ చెప్పిన ఖర్చు టైల్సు ఖర్చులో మూడవ వంతుకంటె తక్కువ.

అవ్వ బావిలోనికి ఊట తిరిగి వచ్చునో లేదో ఎవరును చెప్పలేరు. ఒకటి రెండు వర్షాకాలములు చూడవలెను. అంతవరకు ఆమె మన కుళాయికే రావలెను. తాళపుచెవి మా కార్యదర్శివద్దనే యున్నది. దానిని ఈ బల్లమీద పెట్టుచున్నాము. వచ్చే ఆదివారము ఆరాధన తరువాత కమిటీ కూడునప్పుడు రెండు విషయములను కలిపి ఆలోచింపగోరుచున్నాము.