ఆటలు – కూటములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగము)



పుస్తకముల పండుగనాడు సెల్‌ఫోను ఆటలను గూర్చిన ప్రసంగమేమని కొందరికి వింతగా తోచవచ్చును. కాని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందు సాయంకాలమున ఏ వీధికి పోయినను, అరుగుమీద నలుగురు పిల్లలు తలలు వంచుకొని కూర్చుండుట కనిపించును. పక్కవానితో పలుకరు, కాని ప్రతివాడును ఎవరితోనో మాటలాడుచునే యుండును. వీరు ఎవరితో కూడియున్నారో తెలియక పెద్దలలో కొందరు కోపించుచున్నారు, కొందరు ఉపేక్షించుచున్నారు. ఏది చేయుటకైనను ముందు విషయమును తెలిసికొనుట యుక్తము.

ఆట యనునది ఈ నేలపై ఎన్నడును ఒంటరివాని వ్యవహారము కాదు. అష్టాచెమ్మాకు తోడివారు కావలెను. పులిమేకకు ఇద్దరు కావలెను. కబడ్డీకి రెండు జట్లు కావలెను. గవ్వలు వేయువారు ఆడినది కొంతయైతే మాటలాడుకొన్నది అంతకు మిక్కిలి. పెండ్లి సంబంధములు, పంటల ధరలు, అత్తవారింటి కష్టములు ఆ గళ్ళ చుట్టునే చెప్పుకొనబడినవి. పచ్చీసు ఈ అష్టాచెమ్మాకు దగ్గరి చుట్టము. ఆ పచ్చీసునే కొంత మార్చి ఇంగ్లండులో 1896లో లూడో అను పేర పేటెంటు పొందిరి. 2016లో నవీ ముంబై సంస్థ యొకటి దానిని లూడో కింగ్ అను పేర సెల్‌ఫోనులోనికి తెచ్చినది. 2020 మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌను విధింపబడినప్పుడు, ఇల్లు కదలలేని జనులు ఈ ఆటనే పట్టుకొనిరి. ఊరు విడిచిపోయిన గవ్వలాట ఇట్లు విదేశము చుట్టి తిరిగి ఊరికే వచ్చినది.

ఈ మూడు పట్టణముల వారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఇక్కడినుండి దుబాయి, మస్కట్, సౌదీ దేశములకు పోయినవారు గల ఇండ్లు అనేకములు. సిరిసిల్ల నేతపనివారు భివండికి, సూరతుకు వలసపోయిన కాలమును పెద్దలు ఎరుగుదురు. ఏండ్ల తరబడి దూరముననున్న తండ్రికి కొడుకుతో మాటలాడుటకు విషయము తరిగిపోవును. "తిన్నావా? బడికి పోయినావా?" అని అడిగిన పిమ్మట ఇరువురును మౌనము వహింతురు. కలిసి ఆట ఆడునప్పుడు ఆ చిక్కు లేదు. కోరుట్లలో రాత్రి 10 గంటలైనప్పుడు దుబాయిలో 8.30 అగును. పనినుండి గదికి చేరిన తండ్రి, భోజనము ముగించిన కొడుకు అరగంట సేపు ఒకే పలకమీద పందెము లేని ఆట ఆడినచో, మాటలు వెదకుకొనవలసిన పని లేకయే చెంత కూర్చుండిన తృప్తి కలుగును. దీనిని చెడ్డదని ఎవరనగలరు?

దూరముననున్నవారు యంత్రముద్వారా కలిసి ఆడుట నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున 1978లో రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి 'మడ్' అను ఆటను ప్రారంభించెను. రిచర్డ్ బార్టిల్ దానిని పెంచెను. అందు బొమ్మలు లేవు, అక్షరములు మాత్రమే కలవు. ఆడువారిలో నాలుగు తెగలవారు కలరని 1996లో బార్టిల్ వ్రాసెను. గెలుపు కోరువారు ఒక తెగ. వింతలు వెదకువారు ఒక తెగ. ఇతరులను బాధించి సంతోషించువారు ఒక తెగ. కేవలము మాటామంతికై వచ్చువారు ఒక తెగ. పిల్లవాడు ఆటలో మునిగినాడని నిందించువారు, వాడు ఈ నలుగురిలో ఎవడో ముందు కనుగొనవలెను. మాటామంతికై పోవువానిని ఆట మానుమనుట, స్నేహితులను మానుమనుటయే యగును.

అమెరికా సమాజ శాస్త్రజ్ఞుడు రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ఒక మంచి మాట చెప్పెను. మనుష్యునకు ఇల్లు, పనిచోటు చాలవు. ఎక్కువ తక్కువలు లేక కూర్చుండుటకు మూడవ చోటు ఒకటి కావలెను. తెలుగు పల్లెలకు ఇది కొత్త కాదు. రచ్చబండ, టీ కొట్టు, గ్రంథాలయము ఇట్టివే. సాంచల చప్పుడులో పగలంతయు ఒకరి మాట ఒకరికి వినబడని సిరిసిల్ల కార్మికునకు టీ కొట్టు ఎంత అవసరమో అందరెరుగుదురు. 2006లో స్టైన్‌క్యూలర్, విలియమ్స్ అను ఇరువురు పరిశోధకులు, ఆన్‌లైను ఆటలును అట్టి మూడవ చోట్లేయని నిరూపింప యత్నించిరి. వారు ఒక హెచ్చరికయు చేసిరి. ఈ ఆటలు భిన్న ప్రాంతముల వారితో విరివియైన పరిచయములు కలిగించుటకు తగినవే కాని, కష్టమున ఆదుకొను గాఢ బాంధవ్యమును కలిగించుట అరుదు.

ఈ హెచ్చరిక ఎంత సత్యమో 2020లో తెలియవచ్చినది. పబ్జి అను ఆట 2018లో సెల్‌ఫోనులోనికి వచ్చెను. నూరుగురు ఒక దీవిలో దిగి పోరాడవలెను. నలుగురు చొప్పున జట్టుగా చేరియు ఆడవచ్చును; అప్పుడు ఒకరినొకరు హెచ్చరించుకొనుచు పోవలెను. అందువలన మాటలేని జట్టు గెలువజాలదు. ఇట్లు జగిత్యాల బాలునకు పంజాబు బాలుడు, సిరిసిల్ల యువకునకు అస్సాము యువకుడు తోడుకాగలిగిరి. 2020 సెప్టెంబరు 2న భారత ప్రభుత్వము దేశభద్రతా కారణములచే ఆ ఆటతో సహా 118 యాప్‌లను నిషేధించెను. అక్టోబరు 30 నాటికి అది దేశమున పూర్తిగా ఆగిపోయెను. ఊరును, అసలు పేరును, ఫోను నంబరును ఎరిగినవారి స్నేహము నిలిచియుండును. ఆటలోని మారుపేరు మాత్రమే ఎరిగినవారికి, నిన్నటి తోడు నేడు ఎక్కడ వెదకవలెనో తెలియదు. పరుల యంత్రముపై ఆధారపడిన కూటమి ఒక్క ఉత్తరువుతో చెదరిపోగలదు. అదే ఆట 2021 జులైలో వేరు పేరుతో తిరిగివచ్చెను. 2022 జులైలో మరల ఆగెను. 2023 మేలో మరల అనుమతి పొందెను. నిషేధములు వచ్చుచు పోవుచుండును. పిల్లవానికి తోడు కావలెనను కోరిక పోదు.

ఎవరితో ఆడుచున్నాడను ప్రశ్నతో విచారణ ముగియదు. ధర్మరాజు ఆడినది అపరిచితులతో కాదు, దాయాదులతోనే. సభలో తాత, గురువు, పినతండ్రి అందరును కలరు. విదురుడు వలదని చెప్పెను. అయినను సర్వనాశనము తప్పలేదు, కారణము పందెము. కావున రెండవ ప్రశ్న, ఆటలో ఒడ్డుచున్నదేమి యనునది. రమ్మీ వంటి ఆటలు స్నేహితుని వలె ఫోనులోనికి వచ్చి, జీతమును, బీడీల కూలిని, గల్ఫునుండి వచ్చిన సొమ్మును గుటుక్కున మ్రింగగలవు. ఎదుట కూర్చున్నది మనుష్యుడో యంత్రమో ఆడువానికి తెలియదు. రచ్చబండమీద పేకాడువాడు ఓడినచో పదిమంది చూచి ఇంటికి కబురంపుదురు. ఫోనులో ఓడువానిని చూచువారు లేరు. తెలంగాణ ప్రభుత్వము 1974 నాటి జూద నిషేధ చట్టమును 2017లో సవరించి, ఆన్‌లైనులో పందెములు కాయుటను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి వర్తించు చట్టము చేసి, డబ్బు పందెపు ఆటలను, వాని ప్రకటనలను నిషేధించి, ఈ-క్రీడలను, పందెము లేని సామాజిక క్రీడలను ప్రోత్సహింప సంకల్పించెను. చట్టము గీచిన గీత స్పష్టము: కూటమి వేరు, జూదము వేరు. మోసపోయినవారు సిగ్గుపడి దాచక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది సొమ్ము చిక్కుట కష్టము.

మూడవది కాలము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుండి అమలు పరచిన రోగముల వర్గీకరణలో, ఆటల వ్యసనమును ఒక రుగ్మతగా చేర్చినది. ఎక్కువసేపు ఆడువారందరును రోగులని దాని అర్థము కాదు. ఆటమీద అదుపు తప్పి, చదువు, పని, నిద్ర అన్నిటికంటె ఆటయే ముఖ్యమై, హాని కలుగుచున్నను మానలేని స్థితి సాధారణముగా పన్నెండు నెలలు సాగినప్పుడే ఆ పేరు పెట్టుదురు. అట్టి లక్షణములు కనిపించినచో తిట్లు, దెబ్బలు మందుకావు; వైద్యుని సలహా కావలెను.

ఇంతకును పిల్లలు ఆ తెరలోనికి ఎందుకు పోవుచున్నారు? బయట వారికి కూర్చుండు చోటు తగ్గినందున. ఆడుకొన్న ఖాళీ స్థలములు ప్లాట్లైనవి. తండ్రి పరదేశమున, తల్లి బీడీల చాటతో తీరిక లేక యున్నది. ఒకప్పుడు ఈ ప్రాంతమున మనుష్యులు కూడుటయే ఒక సాహసము. 1935లో ఆంధ్ర మహాసభ నాలుగవ సమావేశము మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలోనే జరిగినది. గ్రంథాలయములు పుస్తకములకు మాత్రమే కాక, కూడి మాటలాడుకొనుటకును పుట్టినవని ఆ తరమువారు ఎరుగుదురు.

ఇరువది యైదేండ్లు నిండిన గ్రంథాలయము చేయదగిన పని యిది. పఠనమందిరము వెలుపలి వరండాలో అష్టాచెమ్మా గళ్ళు, చదరంగపు బల్ల యుంచవచ్చును. వారమున కొక సాయంకాలము పిల్లలే పెద్దలకు తమ ఆటను చూపి, ఎవరితో ఆడుచున్నారో, వారి మాట తీరు ఎట్టిదో చెప్పునట్లు చేయవచ్చును. తన ఆటను తల్లికి వివరించిన పిల్లవాడు, దానిలో అపరిచితుడెవడైన ఫోటో అడిగినను, సొమ్ము అడిగినను, మరునాడు ఆమెకే చెప్పును. దాచవలసిన అవసరము వానికుండదు. పరదేశమునుండి సెలవుకు వచ్చిన తండ్రి కొడుకుతో ఆ వరండాలో గవ్వలు వేసినచో, ఇన్నాళ్ళు తెరమీద సాగిన ఆట నేలమీదికి దిగును. ఈ చిన్న యేర్పాటునకు ఒక చాప, నాలుగు గవ్వలు, గంటసేపు కూర్చుండగల పెద్దవారు ఒకరిద్దరు చాలును. రజతోత్సవము నాడే సభ్యులు దీనికి పూనుకొందురు గాక!